తాతలనాటి తుపాకి, దానిపై వ్రాత

(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షాఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు, కట్టడముల మరమ్మతును గూర్చియు మేము మాటలాడుట ఆచారము. ఆ లెక్కలన్నియు ఈ సంచికలో వేరుగా అచ్చుపడియున్నవి. కావున నేడు మేము ఒక తుపాకిని గూర్చి మాటలాడదలచినాము. బడికిని తుపాకికిని ఏమి సంబంధమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. సంబంధము కలదు. ఆ మాట చివరకు మన పిల్లల చదువు దగ్గరకే వచ్చి నిలుచును. కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

గడచిన సంవత్సరము ప్రదర్శనము కొరకు ఎనిమిదవ తరగతి పిల్లలకు మేమొక పని పెట్టితిమి. ఇంటిలోని పాత వస్తువులమీద ఏ వ్రాతయున్నను దానిని కాగితముమీదికి ఎత్తి తేవలెను. వస్తువును మాత్రము బడికి తేరాదు. చెక్కడముపై పలుచని కాగితము పరచి, పెన్సిలును అడ్డముగా పట్టి మెల్లగా రుద్దినచో, లోతుగా చెక్కిన గీతలు తెల్లగాను, తక్కినది నల్లగాను తేలును. ఖర్చు లేని పని, వస్తువునకు హాని లేని పని.

పిల్లలు ఉత్సాహముగా చేసిరి. ఇత్తడి బిందెలమీది పేర్లు, పెండ్లినాటి కంచు చెంబులమీది పొడి అక్షరములు, ఇంటి దూలముమీది సంవత్సరము తెచ్చిరి. ఒక బాలిక మాత్రము మూడు వింత కాగితములు తెచ్చినది. మొదటిదానిలో వెనుక కాళ్లపై నిలిచిన సింహమొకటి, దాని ముందుకాళ్లలో కిరీటము. రెండవదానిలో చిన్న కిరీటము క్రింద ఇంగ్లీషు జీ, పీ అక్షరములు కలిసియున్నవి. దాని ప్రక్కనే మరియొక కిరీటము, దాని క్రింద వీ అక్షరము. మూడవదానిలో అరిగిపోయిన తెలుగు అక్షరములు, వాని చివర తీగవంటి రెండు మెలికలు. ఇది దేనిమీదిదమ్మా అని అడిగితిమి. “మా తాత తుపాకి మీదిది సార్. ఇంట్లో గోడకుంది” అన్నది.

ఆ సాయంకాలమే వారింటికి పోయితిమి. నడవలో, గోడకు రెండు మేకులపై, మనిషి భుజముదాక వచ్చు తుపాకి యున్నది. ఏటేట ఆయుధపూజనాడు దానిని దింపి, ఇత్తడి భాగములను చింతపండుతో తోమి, కుంకుమ పెట్టి మరల ఎక్కించుట ఆ యింటి పద్ధతి. దాని క్రిందనే పసిబిడ్డ ఊయెల వ్రేలాడుచున్నది.

ఇంటి పెద్ద మమ్ము ఆదరించి కథ చెప్పిరి. తిరునెల్వేలి సీమలోని పాళెగాండ్రకును కుంపినీవారికిని జరిగిన పోరాటము మీరెరుగుదురు. 1799 అక్టోబరు 16వ తేదీన వీరపాండ్య కట్టబొమ్మనను కయత్తారువద్ద ఉరితీసిరి. 1801లో అతని తమ్ముడు ఊమైదొర మరల యుద్ధమునకు దిగెను. పాంచాలంకురిచి కోట నేలమట్టమైనది. ఆ సంవత్సరము డిసెంబరులో ప్రజలెవ్వరును ఆయుధములు ఉంచుకొనరాదని మదరాసు గవర్నరు ప్రకటన చేసెను. ఆ 1801 యుద్ధములో తమ పూర్వుడు పట్టిన తుపాకి ఇదియేనని ఆ పెద్దల నమ్మకము. సింహము తమ పాళెము చిహ్నమనియు, జీ, పీ అనునవి ఆ పూర్వుని పేరులోని పొడి అక్షరములనియు చెప్పిరి. రాబోవు బంధువుల సమావేశమునకు వంశచరిత్రను పుస్తకముగా అచ్చువేయుచుండిరి. అందు తుపాకి బొమ్మ క్రింద “1801 యుద్ధమున మా పూర్వులు ధరించిన ఆయుధము” అని యుండవలెను. మాట ఒకటి మావైపునుండి ప్రోత్సాహకముగా వ్రాసి యిమ్మని కోరిరి.

మేము వ్రాసెదమంటిమి. కాని మొదట ఒక ప్రశ్న అడిగితిమి. “అయ్యా, దీనిని చివరిసారి ఎవరు పేల్చిరి?” ఎవరికిని తెలియదు. “దీనిలో మందు లేదని ఎవరైనను చూచిరా?” ఎవరును చూడలేదు.

మా పరిచయస్థుడు ఒక వృద్ధ హవల్దారు కలడు. సైన్యములో ఆయుధాగారమున పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. మరునాడు ఆయనను వెంటబెట్టుకొని పోయితిమి. పిల్లలను దొడ్డివైపు పంపి, తుపాకి నోరు ఎవరివైపును లేకుండ గోడవైపు త్రిప్పి, ఆయన సన్నని కర్రపుల్లను గొట్టములోనికి మెల్లగా దింపెను. అది ఆగినచోట గుర్తుపెట్టి, బయటికి తీసి, గొట్టము ప్రక్కన ఆనించి చూచెను. నిప్పు లోనికి పోవు చెవి, అనగా సన్నని రంధ్రము, ఎక్కడనున్నదో అక్కడిదాక పుల్ల పోవలెను. నాలుగు వ్రేళ్ల దూరము తక్కువ వచ్చినది. లోపల ఏదో యున్నది.

వెంటనే పోలీసు ఠాణాకు తెలియజేసితిమి. వారి సమక్షమున, తెలిసినవారి చేతిమీదుగా, లోపల నీరు పోసి తడిపి తీయగా, గుడ్డపీలిక, ఒక సీసపు గుండు, నల్లని తుపాకిమందు బయటపడినవి. ఎవరో ఏనాడో బారుచేసి మరచినది! తుపాకిమందు తడి తగలనిచో ఏండ్లు గడచినను చావదు. తరతరములుగా ఆయుధపూజకు దింపి, పిల్లల చేతికిచ్చి, దాని గుర్రమును లాగి టక్కుమనిపించి సంతోషించిన తుపాకి యది. ఊయెలవంక చూచి ఇంటి పెద్దకు నోట మాట రాలేదు. మాకును రాలేదు.

తల్లిదండ్రులారా, మీలో ఎవరి యింట ఇట్టి తుపాకియున్నను, నేటి మా మాటలలో ఇదియొక్కటి గుర్తుంచుకొనుడు. అందులో మందున్నదనియే అనుకొనుడు. గుర్రము లాగకుడు, మీట నొక్కకుడు, పిల్లలను తాకనీయకుడు. పుల్లతో మేము చేసిన పరీక్షకూడ తెలిసినవారు చేయవలసినదే. చట్టముకూడ కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. పాతకాలపు రకమైనను, పురావస్తువైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనిచేయజాలని దానికి మాత్రము అందులో 45వ విభాగమున మినహాయింపు కలదు. బాగుచేసినచో పేలుననువానికి ఆ మినహాయింపు లేదు. పేలునో పేలదో మనము ఇంట కూర్చుండి నిర్ణయించుకొనరాదు. అధికారులకు చూపి వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. నూరేండ్లు దాటిన వస్తువు కాగా, 1972 నాటి పురావస్తువుల చట్టమునుబట్టి దానిని విదేశమునకు పంపుటయు కూడదు. విదేశములోని బంధువు ప్రేమతో అడిగినను కాదని చెప్పవలసినదే.

ఇక గుర్తుల సంగతి. మేము చదివినది ఇంటర్మీడియటు వరకే. తుపాకిశాస్త్రము మాకు రాదు. కాని అక్షరములు నేర్పువారము గనుక, చదువదగినది ఎదుట కనబడినప్పుడు చదువక ఉండలేకపోయితిమి. మూడు వారములు గ్రంథాలయములో కూర్చుండి, హవల్దారుగారి సాయముతో ఆ గుర్తులను ఒక్కొక్కటిగా విప్పితిమి.

మొదట చూడవలసినది నిప్పు ఎట్లు పుట్టునను సంగతి. మిక్కిలి పాతవానిలో మండుచున్న ఒత్తిని మందునకు తాకింతురు. తరువాతివానిలో గుర్రము నోట చెకుముకిరాయి యుండును. అది ఉక్కురేకును కొట్టగా రవ్వలు రంజకపు గిన్నెలో పడును. పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమునకు సైన్యములలో చెకుముకి పోయి, కొట్టగనే మండు చిన్న రాగిటోపీ వచ్చినది. 1857లో తిరుగుబాటునకు కారణమైన తూటాలు 1853 నమూనా ఎన్ఫీల్డు తుపాకివి. అది టోపీ తుపాకి. మన యీ తుపాకి చెకుముకిది. ఒత్తి తుపాకులు మన దేశమున పందొమ్మిదవ శతాబ్దములోను చేయుచునేయుండిరి గనుక, నిప్పు విధము ఒక్కటే కాలమును తేల్చదు. దారి మాత్రము చూపును.

రెండవది, గొట్టముమీది గుర్తు. లండనులో తుపాకులు చేయువారి సంఘమునకు 1637లోనే రాజశాసనము వచ్చినది. క్రొత్త గొట్టములో మామూలుకంటె ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగులక నిలిచినదానిపై ఆ సంఘమువారు ముద్రలు కొట్టుదురు. కిరీటము క్రింద వీ అనగా కంటితో పరీక్షించితిమని. కిరీటము క్రింద జీ, పీ అనగా తుపాకి పనివారి సంఘము పేల్చి చూచినదని. బర్మింగుహాము నగరమునకు 1813లో వేరుగా పరీక్షాశాల ఏర్పడినది. దాని ముద్రలో కిరీటము క్రింద రెండు రాజదండములు అడ్డముగా కలిసియుండును. కాబట్టి జీ, పీ అను అక్షరములు మన బాలిక పూర్వునివి కావు. ఆలోచింపగా, ఆనాటి తెలుగువాడు తన పేరును ఇంగ్లీషు పొడి అక్షరములతో ఏల చెక్కించుకొనును? ఆ అలవాటు మన కాలమువారిది. మన అలవాటును తాతకు అంటగట్టితిమి.

మూడవది, గుర్రము బిగించిన ఇనుపరేకుమీది గుర్తు. రాజుగారి సైన్యపు తుపాకులమీద కిరీటము, దాని క్రింద జార్జిరాజును తెలుపు జీ, ఆర్ అక్షరములు, ‘టవర్’ అను మాట యుండును. కుంపినీవారి గుర్తు వేరు. మొదట వారిది హృదయాకారము. దానిని నాలుగు గడులు చేసి వీ, ఈ, ఐ, సీ అక్షరములు నింపి, పైన నాలుగు అంకెవంటి గుర్తు పెట్టెడివారు. బట్టల మూటలమీద వేసిన ముద్రయే తుపాకిమీదను వేసిరి. వ్యాపారి వ్యాపారియే గదా! 1808 ప్రాంతమున ఆ ముద్ర మారి, కిరీటము పట్టిన సింహము వచ్చినది. మన తుపాకిపైనున్నది ఆ సింహము.

ఇప్పుడు మీకే తెలిసియుండును. 1808 తరువాత పుట్టిన సింహము 1801 యుద్ధములో ఉండజాలదు. అది పాళెము సింహముకూడ కాదు. పాళెమును పడగొట్టిన కుంపినీవారి సింహము.

ఒక హెచ్చరిక. గుర్తును చూచి గ్రుడ్డిగా నమ్మరాదు. ఒక తుపాకి గొట్టమును మరియొకదాని కొయ్యకు బిగించుట వాడుక. వాయవ్య సరిహద్దు ప్రాంతమున స్థానికులు ఇంగ్లీషు ముద్రలను చూచి చెక్కుటయు కలదు. అక్షరము రానివాడు చెక్కినచోట అక్షరములు తిరుగబడియుండును. కాబట్టి గొట్టము, రేకు, కొయ్య మూడును ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలెను. మరియు ఉప్పుకాగితముతోను, చింతపండుతోను తోమరాదు. తుప్పు పోవుననుకొందుము, సాక్ష్యము పోవును.

ఈ సంగతులు చెప్పుటకు మరల వారింటికి పోయితిమి. ఎట్లు చెప్పవలెనో తెలియలేదు. మెల్లగానే చెప్పితిమి. ఇంటి పెద్ద ముఖము మారినది. “పుస్తకములు చూచి మా వంశమును మీరు కొట్టివేయుదురా అయ్యవారూ?” అనిరి. ఆ మాట మాకు నాటినది. ఒక మనిషి ఎనుబది యేండ్లు నమ్మినదానిని మూడు కాగితములతో తీసివేయుట సులభమైన పని కాదు, సంతోషకరమైన పనియు కాదు. కాని వ్రాసి యిమ్మనిన మాటను అబద్ధమని తెలిసి వ్రాయుట బడిపంతులు చేయవలసిన పని కాదు.

అప్పుడు లోపలి గడపవద్ద కూర్చున్న అవ్వ, ఇంటి పెద్దకు అక్కగారు, తొంబది దాటినావిడ, ఆ మూడవ కాగితమును ఇటు తెమ్మన్నది. దానిమీది వ్రాత తుపాకి మడమకు బిగించిన ఇత్తడి రేకుమీదిది. తోమి తోమి అరిగినది. అందు ‘శార్వరి’ అనియు, క్రింద ‘కావలి’ అనియు మేము చదివియుంటిమి. తరువాతి రెండు మెలికలను తీగ యలంకారమని విడిచితిమి. అవ్వ కాగితమును వెలుతురునకు పట్టి, వ్రేలితో ఆ మెలికలను దిద్దినది. “ఇది తీగ కాదు నాయనా. నలభై యెనిమిది. మా నాయన అంగడి లెక్కలన్నీ ఈ అంకెలతోనే రాసేవాడు” అన్నది.

౪౮. మెలికపడిన త్రాడువలె నొకటి, వంగిన కొమ్మవలె నొకటి. తెలుగు అంకెలు!

తల్లిదండ్రులారా, ఇంటి పెద్ద ముఖము చిన్నబోయినదని యింతకుముందు చెప్పితిమి. ఆ క్షణమున చిన్నబోయినది మా ముఖము. లండను సంఘమువారి ముద్రను మూడు వారములు వెదకి చదివితిమి. మన అంకెను ఎదుటనుంచుకొని తీగ యనుకొంటిమి. తెలుగు బడికి ప్రధానోపాధ్యాయులము!

ఆ అంకె తెలిసిన తరువాత తక్కినది తనంతట విడివడినది. శార్వరి మన అరువది సంవత్సరముల పేర్లలో నొకటి, అరువదేండ్లకొకసారి వచ్చును. 1780లో వచ్చినది, 1840లో వచ్చినది, 1900లో వచ్చినది, మొన్న 2020లోను వచ్చినది. సింహము 1808 తరువాతిది గనుక 1780 కాదు. 1900 నాటికి చెకుముకి తుపాకి కాలము ఎప్పుడో ముగిసినది. కాబట్టి 1840-41 అనుట సమంజసము. సరిగా ఆ రోజులలోనే టోపీ తుపాకులు వచ్చి, చెకుముకివి పాతబడుచుండినవి. పాళెములలో మిగిలినవి అప్పటికి జమీనులై యుండెను. 1803లో వారికి శాశ్వత సనదులిచ్చిరి. అట్టి జమీనులో కావలివారి చేతికిచ్చిన తుపాకులలో ఇది నలుబది యెనిమిదవదని మా యూహ.

ఊహ యని యేల అంటిమనగా, గుర్తు తుపాకిని గూర్చి చెప్పును గాని పట్టినవానిని గూర్చి చెప్పదు. కాని మేము లేచి రాబోవునప్పుడు అవ్వ మరియొక మాట అన్నది. “మన మెట్టచేను పేరేమిరా? కావలి మాన్యము కాదా?” ఇంటి పెద్ద పలుకలేదు. కావలి కాచినందులకు ఇచ్చిన చేను ఆ పేరుతోనే నేటికిని వారి స్వాధీనమున నున్నది. ఆ పేరు ఎందులకు వచ్చెనో తమకు ఎవరును చెప్పలేదు, తామును అడుగలేదు.

రెండు మాసములు ఆ పెద్ద బడివైపు రాలేదు. వీధిలో ఎదురైనను పలుకరింపలేదు. మేము వంశచరిత్రను అవమానించితిమని ఊరిలో కొందరనుకొనుటయు విన్నాము. తరువాత ఒక శనివారము, బడి విడుచువేళ, చేతిలో పుస్తకముతో వచ్చిరి. అచ్చుపడిన పుటను తీయించి క్రొత్త పుట కుట్టించిరి. తుపాకి బొమ్మ క్రింద ఇట్లున్నది: “కుంపినీవారి చెకుముకి తుపాకి. శార్వరి సంవత్సరమున, అనగా 1840 ప్రాంతమున, జమీను కావలిలో ౪౮ సంఖ్యగా ఉండెను. మా పూర్వులు ఊరి పంటకు కాపుండిన వారు.”

తుపాకిని ప్రభుత్వాధికారుల స్వాధీనము చేసిరి. గోడమీద ఇప్పుడు మనుమరాలు పెన్సిలుతో ఎత్తిన మూడు కాగితములు అద్దము కట్టించి పెట్టిరి. ఊయెల అక్కడనే యున్నది.

“అయ్యవారూ, యుద్ధము చేసినాడని చెప్పుకొన్నాము. కాపలా కాచినాడని తెలిసినది. ఇది తక్కువా?” అని అడిగిరి. రాత్రివేళ పరుల పంటకు మేలుకొనియుండుట ఏ యుద్ధమునకును తక్కువ కాదంటిమి. ఆయన కొంచెమాగి, “ఒకటి అడుగుదును. మా అక్క చదివిన ఆ అంకెలు నా మనుమరాలికి మీ బడిలో నేర్పినారా?” అనిరి.

మేము నేర్పలేదు. పాఠ్యపుస్తకములలో లెక్కలన్నియు 1, 2, 3 లతోనే యున్నవి గనుక, పరీక్షలో అడుగరు గనుక, తెలుగు అంకెలను ఎప్పుడో విడిచిపెట్టితిమి. ఎప్పుడు విడిచితిమో మాకే గుర్తు లేదు. పోయిన వస్తువు పోయినట్లు తెలియుట మొదటి అదృష్టము. ఆయన ప్రశ్నకు ఆనాడు జవాబు చెప్పలేక తలవంచితిమి. నేడు చెప్పుచున్నాము. ఈ విద్యాసంవత్సరము ఆరంభమునుండి మూడవ తరగతి మొదలు ప్రతి శనివారము చివరి గంటలో తెలుగు అంకెలు, అరువది సంవత్సరముల పేర్లు నేర్పుచున్నాము. దీనికి మార్కులు లేవు.

ఈ నాట తెలుగు చదివి పిల్లవానికి ఏమి లాభమని మీలో కొందరు మమ్ము అడుగుచుందురు. తమిళము కావలెను, ఈ నేల భాష అది, మన పిల్లలు దానిని బాగుగా నేర్వవలెను. ఇంగ్లీషు కావలెను, ఉద్యోగమునకు అదియే దారి. ఇందులో మాకు వివాదము లేదు. ఆ తుపాకి మీది జీ, పీని చదువుటకును ఇంగ్లీషు కావలసివచ్చెను గదా. కాని ఇంగ్లీషు గుర్తులు ఆ తుపాకి ఎక్కడ పుట్టెనో చెప్పినవి. ఎవరి చేతిలో పెరిగెనో చెప్పినది ఆ యొక్క తెలుగు పంక్తియే. ఆ పంక్తి చదువగలిగినది ఆ యింటిలో తొంబది దాటిన అవ్వ యొక్కతె. ఆవిడ యున్నది గనుక తెలిసినది. ఇంకొక పదేండ్ల తరువాత అడిగియుండినచో, అది తీగగానే నిలిచిపోవును.

కాబట్టి మీకు మా విన్నపము. ఇంటికి పోయి బిందె త్రిప్పి చూడుడు. దూలము చూడుడు, పాత లెక్కల పుస్తకము చూడుడు, అవ్వలను తాతలను అడుగుడు. వ్రాత కనబడినచో పిల్లవాని చేతికి కాగితమును పెన్సిలును ఇయ్యుడు. తుపాకి యైనచో మాత్రము పిల్లవానికి ఇయ్యకుడు. మొదట ఠాణాకు, తరువాత మాకు కబురు పెట్టుడు.

అవ్వగారు ఈ సభకు రాదలచిరి గాని వయోభారమున రాలేకపోయిరి. వారి మనుమరాలు, ఆ మూడు కాగితములు తెచ్చిన బాలిక, ఇప్పుడు తొమ్మిదవ తరగతి. నేటి ప్రదర్శనములో ద్వారమువద్ద నల్లబల్లపై తేదీని వ్రాసినది ఆమెయే. లోనికి పోవునపుడు ఆగి చదువుడు. చదువరాకున్నచో సిగ్గుపడనక్కరలేదు, మాకును రాకపోయినది. ఆమెను అడుగుడు, చెప్పును.